సరి, ప్రధాన, సంయుక్త సంఖ్యలు

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో ఫేజ్-1, ఫేజ్-2, ఫేజ్-3 అని మూడు భాగాలున్నాయి. 1, 2, 3 ఒకే వరుసలో ఉన్నా గణితంలో వాటి లక్షణాలు వేరువేరు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సహజ సంఖ్యలు

వస్తువులను లెక్కించడానికి వాడే 1, 2, 3, 4, ... సహజ సంఖ్యలు. వీటిలో మొదటిది 1. చివరిది లేదు. మీరు ఎంత పెద్ద సంఖ్య చెప్పినా, దానికి 1 కలిపితే ఇంకా పెద్దది వస్తుంది.

2తో భాగించినప్పుడు శేషం మిగలనివి సరి సంఖ్యలు, 1 మిగిలేవి బేసి సంఖ్యలు. ఒకట్ల స్థానంలో 0, 2, 4, 6, 8లలో ఏదైనా ఉంటే అది సరి సంఖ్య.

ప్రధాన, సంయుక్త సంఖ్యలు

ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు దాని కారణాంకాలు. సరిగ్గా రెండు కారణాంకాలున్నది ప్రధాన సంఖ్య. రెండుకు మించి ఉన్నది సంయుక్త సంఖ్య.

3 కారణాంకాలు 1, 3. కనుక 3 ప్రధాన సంఖ్య. 2 కూడా ప్రధాన సంఖ్యే. మిగతా సరి సంఖ్యలన్నింటినీ 2 భాగిస్తుంది కాబట్టి, సరి సంఖ్యల్లో ప్రధాన సంఖ్య 2 ఒక్కటే.

మరి 1? దానికి ఒకే కారణాంకం. అది ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు. దీనికి కారణం ఉంది. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా 2 × 2 × 3 అని ఒకే విధంగా రాయగలం. 1ని కూడా ప్రధాన సంఖ్య అంటే 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3 అంటూ అంతులేకుండా రాయవచ్చు.

పొరపాటు పడకండి

బేసి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలు కావు. మయూర్ విహార్ ఫేజ్-1 పిన్ కోడ్ 110091 బేసి సంఖ్య. దాని అంకెల మొత్తం 12. ఈ మొత్తాన్ని 3 భాగిస్తుంది కనుక ఆ సంఖ్యనూ భాగిస్తుంది. 110091 = 3 × 36697. అది సంయుక్త సంఖ్య.

ఆ పిన్ కోడ్‌లోని చివరి రెండంకెలు 91 చూడండి. 10 × 10 = 100 కాబట్టి, 100 లోపు సంయుక్త సంఖ్యకు 10 కంటే చిన్నదైన ప్రధాన కారణాంకం తప్పక ఉంటుంది. అందుచేత 2, 3, 5, 7లతో భాగించి చూస్తే చాలు. 91 = 7 × 13. కనుక 91 సంయుక్త సంఖ్య. 97ను ఆ నాలుగూ భాగించవు. కనుక 97 ప్రధాన సంఖ్య.

మీ జవాబు సరిచూసుకోండి

51, 53, 87లలో ప్రధాన సంఖ్య ఏది?

జవాబు: 53. (51 = 3 × 17, 87 = 3 × 29)