గయ్యాళి పేరు మోసిన కాకినాడ ఆడపడుచు

ఆడపిల్ల పుడితే మన ఊళ్లలో లక్ష్మి అని, సీత అని, సావిత్రి అని పేర్లు పెట్టుకుంటారు. సూర్యకాంతం అని పెట్టడానికి మాత్రం జంకుతారు. నిజానికి అది చక్కని పేరు. ఎండ సోకితే నిప్పు పుట్టించే మణిని సూర్యకాంతం అంటారు. అంత మంచి పేరును ఉయ్యాలలో పిల్లకు పెట్టకుండా తెలుగువారి చేత మాన్పించిన ఘనత ఒక నటికే దక్కింది. నోరున్న అత్త కనబడితే ‘అమ్మో సూర్యకాంతం’ అనడం ఊరూరా అలవాటైపోయింది. ఆ నటి ఎక్కడివారో కాదు, మన కాకినాడ ఆడపడుచే.

పల్లె నుంచి మద్రాసుకు

1924 అక్టోబరు 28న కాకినాడకు చేరువలోని వెంకటకృష్ణరాయపురంలో సూర్యకాంతం పుట్టారు. పొన్నాడ వారి ఇంట ఆమె పద్నాలుగో సంతానం. చిన్ననాటి నుంచే ఆటా పాటా అబ్బాయి. ఆ రోజుల్లో నాటకాలకు కాకినాడ పెట్టింది పేరు. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలిన ఎస్.వి.రంగారావు, అంజలీదేవి తర్వాత సినిమాల్లో ఎంత వెలిగారో తెలిసిందే. ఆ ఊరి గాలే సూర్యకాంతానికీ సోకింది. హీరోయిన్ కావాలన్న కోరికతో మద్రాసు చేరారు.

1946లో వచ్చిన ‘నారద నారది’లో ఆమెకు చిన్న వేషం దొరికింది. అదే ఏడాది ‘గృహప్రవేశం’లో కాస్త చెప్పుకోదగ్గ వేషం వచ్చింది. ఎదురుచూసిన హీరోయిన్ అవకాశం ‘సౌదామిని’ రూపంలో తలుపు తట్టింది. అంతలోనే కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయమైంది. వేషం చేజారింది. మరోసారి ఒక హిందీ చిత్రంలో అవకాశం వచ్చినా, ముందు అనుకున్న నటిని తప్పించి తనకు ఇస్తున్నారని తెలిసి వద్దన్నారని సినీ వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇరవై ఆరేళ్లకే అత్తగారు

1950లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో ‘సంసారం’ విడుదలైంది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ నటించిన ఆ చిత్రంలో సూర్యకాంతం కోడలిని సాధించే అత్తగా కనిపించారు. అప్పటికి ఆమె వయసు ఇరవై ఆరేళ్లు! ఆ ఈడు వారికి ఇంట్లో కొత్త కోడలి హోదా ఉంటుంది కానీ అత్త పెత్తనం ఉండదు. అయినా ఆ వేషం ఆమెకు అతికినట్టు సరిపోయింది. ఇక నిర్మాతలు వదిలితే కదా! గయ్యాళి పాత్ర అనగానే కబురు ఆమెకే వెళ్లేది.

వయసు లెక్క చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు రంగారావుకు తల్లి హిడింబి ఆమే. కొడుకు తల్లి కంటే ఆరేళ్లు పెద్ద! 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో అల్లుళ్లు ఇద్దరూ అత్తగారి కంటే పెద్దవారే. రామారావు దాదాపు ఏడాదిన్నర పెద్ద. నాగేశ్వరరావు నెల రోజులకు పైగా పెద్ద. తోటివారు చెట్ల చుట్టూ తిరిగి పాటలు పాడుకుంటుంటే, ఆమె ముసలి కట్టు కట్టుకుని జనం చేత తిట్లు తిన్నారు. ఆ తిట్లే తన నటనకు కొలమానమయ్యాయి.

అత్త పేరుతో సినిమా

‘గుండమ్మ కథ’కు మూలం 1958లో వచ్చిన ఒక కన్నడ చిత్రం. విజయా వారు దాన్ని తెలుగులో తీశారు. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. ఇద్దరు అగ్ర హీరోలు, సావిత్రి, జమున వంటి హీరోయిన్లు ఉండగా సినిమాకు పేరు మాత్రం గయ్యాళి అత్తది పెట్టారు. అంతకు మించిన బిరుదు ఏముంటుంది?

గుండమ్మ కలిగిన ఇంటి వితంతువు. సవతి కూతురిని పనిమనిషి కంటే హీనంగా చూస్తుంది. సొంత కూతురిని గారాబం చేసి పాడు చేస్తుంది. చివరకు తనను మించిన గయ్యాళి దుర్గమ్మ ఇంట్లో చేరి ఆమెనే గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఆ చెర విడిపించేది ఎవరు? ఇన్నాళ్లూ తాను సాధించిన సవతి కూతురే. దుర్గమ్మగా ఛాయాదేవి రెచ్చిపోతుంటే, అంతవరకు గుండమ్మను తిట్టుకున్న జనం అయ్యో పాపం అంటారు. తిట్టిన నోటితోనే జాలి పలికించడం తేలిక పని కాదు.

నటించినట్టు కనబడకపోవడమే ఆమె నటనలోని కిటుకు. ఎడమచెయ్యి ఊపుతూ, మూతి విరుస్తూ, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే గోదావరి ఒడ్డున ఏదో ఇంటి అరుగు మీద జరుగుతున్న తగాదాలాగే ఉండేది. ‘తోడికోడళ్లు’లో ఉమ్మడి కాపురాన్ని చీల్చే తోడికోడలైనా ఆమె తీరు అదే. చూసేవారికి కోపం వచ్చేది, వెంటనే నవ్వూ వచ్చేది.

తెర దిగితే వేరే మనిషి

తెర మీద కోడలికి గంజి నీళ్లు కూడా పోయని మనిషి, షూటింగుకు ఇంటి నుంచి పిండివంటలు తెచ్చి తోటివారికి కొసరి కొసరి వడ్డించేవారు. 1950లో ఆమె పెళ్లాడిన పెద్దిభొట్ల చలపతిరావు హైకోర్టు న్యాయమూర్తి. వారికి పిల్లలు కలగలేదు. అక్కగారి కొడుకును పెంచుకున్నారు. పాత కార్లు కొని బాగు చేయించి అమ్మడం కూడా ఆమెకు సరదా. ఆ కాలంలో ఎంతమంది ఆడవాళ్లకు అంత చొరవ ఉండేది?

నవ్వు వెనుక నిజం

ఆ పాత్రలకు జనం అంతగా బ్రహ్మరథం పట్టడానికి కారణం లేకపోలేదు. ఇంట్లో నోరెత్తలేని కోడలు టెంటు హాలులో నేల మీద కూర్చుని, తెర మీది అత్తకు బుద్ధి వస్తుంటే కడుపారా నవ్వుకునేది. ఆ పక్కనే కూర్చున్న అత్తగారూ నవ్వేది. ఇంటికెళ్లాక అత్త గొంతు కాస్త పెరిగితే ‘సూర్యకాంతంలా అరవకే’ అనడానికి మొగుడికి ఒక మాట దొరికింది. కోడలి కష్టానికి ఒక పేరు దొరికింది.

మరో వైపూ చూడాలి. ఆ సినిమాల్లో కాపురం కూలితే నేరం అంతా ఆడదాని నోటిదే. కళ్ల ముందు అన్యాయం జరుగుతున్నా నోరు మెదపని మొగుడు అమాయకుడిగా మిగిలిపోయేవాడు. రేలంగి, రమణారెడ్డి వంటి వారి హాస్యంలో ఆ తప్పు కరిగిపోయేది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో, ‘గుండమ్మ కథ’ వచ్చిన ఏడాదికి ముందు. కట్నం అడగడంలో మగవారి వంతు తక్కువేమీ కాదని ఊరందరికీ తెలుసు. కానీ తెర మీద చీవాట్లన్నీ సూర్యకాంతమే తిన్నారు. మగవారి వంతు కూడా ఆమె నెత్తినే పడింది.

చివరి దాకా నటిగానే

వందలాది చిత్రాల తర్వాత 1994లో ‘ఎస్.పి.పరశురాం’లో కనిపించారు. అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2024 అక్టోబరుకు ఆమె పుట్టి నూరేళ్లు నిండాయి.

ఇప్పుడు ఇంటింటా టీవీ. సీరియళ్లలో పట్టుచీరలు కట్టిన అత్తలు గుమ్మం చాటున నిలబడి నెలల తరబడి కుట్రలు పన్నుతుంటారు. సూర్యకాంతం అత్త అలా కాదు. ఉన్నదేదో వీధి వాకిట్లో నిలబడి అనేసేది. చివరకు తప్పు తెలుసుకుని కోడలి చేతి ముద్ద తినేది. టీవీలో ‘గుండమ్మ కథ’ వేస్తే, అమ్మమ్మల పక్కన మనవరాళ్లు కూర్చుని ఇవాళ్టికీ చూస్తారు. పిల్లకు ఆ పేరు పెట్టడానికి జంకినా, ఆ పేరు తెలియని ఇల్లు మాత్రం తెలుగుదేశంలో దొరకదు.