కూర్చున్నవారూ నిలుచున్నవారూ

మన బుర్రకథకు దగ్గరి చుట్టం ఛత్తీస్‌గఢ్ వారి పాండవానీ. స్త్రీలు దానిని కూర్చుని పాడడమే ఆచారమైన రోజుల్లో, ఉక్కునగరం భిలాయి సమీపాన, దుర్గ్ జిల్లా గనియారీ గ్రామానికి చెందిన తీజన్ బాయి తంబూర చేతబట్టి, నిలుచుని, వేదికంతా కలియదిరుగుతూ భారతగాథ వినిపించారు. 2019లో పద్మవిభూషణ్ అందుకునేనాటికి ఆమె వయస్సు 60 దాటింది.

కూర్చోవడం, నిలుచోవడం కళకు మాత్రమే సంబంధించిన తేడా కాదు. శ్రమించేటప్పుడు శరీరం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదో అదే దాని సామర్థ్యానికి కొలబద్ద. 30 ఏళ్ళు దాటాక అది దశాబ్దానికి సుమారు 10 శాతం తరుగుతుంది. ఆ తరుగు ఎవరికీ తప్పదు. అయితే నిత్యం శ్రమించే స్త్రీకి మూలధనం ఎక్కువ. మెట్లెక్కినా, నీళ్ళబిందె ఎత్తినా ఇంకా కొంత మిగిలే ఉంటుంది. కదలని స్త్రీకి ఆ చిన్న పనికే ఉన్నదంతా ఖర్చయిపోతుంది. పరాధీనత అక్కడే మొదలవుతుంది.

వయస్సు మీరాక ప్రయోజనమేమిటంటారా? బోస్టన్ పరిశోధకులు సగటున 90 ఏళ్ళ వృద్ధులచేత 8 వారాలపాటు కాళ్ళతో బరువులెత్తించారు. వారి కండబలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించారు. 65 దాటినవారికి సైతం వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందుకు చురుకైన నడక చాలు.

అమ్మమ్మను కూర్చోబెట్టి సేవ చేయడం మన మర్యాద. ఆమెతో కలిసి నడవడం అంతకన్నా మేలైన సేవ.