క్రొత్త గుఱ్ఱమునకు మచ్చిక

దేశింగురాజు కథ విననివారు మన పెద్దలలో అరుదు. సెంజికోట నేలిన ఆ యువకుడు 1714లో ఆర్కాటు నవాబు సాదతుల్లాఖానుతో పోరి మరణించెను. సహగమనము చేసిన ఆతని రాణి పేరనే పాలారు ఒడ్డున రాణిపేట వెలసినదని చెప్పుదురు. ఢిల్లీలో ఎవ్వరికిని లొంగని గుఱ్ఱమును ఆతడు ఒక్క దినముననే ఎక్కి స్వారి చేసెనని పాటగాండ్రు పాడుదురు. కౌండిన్యనది చెంతనున్న మోర్ధానా మొదలు గుడియాత్తము, వేలూరుల వఱకు గల మన బాలురు ఈ కథ విని, గుఱ్ఱమును లొంగదీయుటయే వీరుని పని యని తలంతురు. మేము చెప్పదలచినది వేఱు. ఇంటికి తెచ్చుకొన్న గుఱ్ఱము లొంగిన చాలదు, మనలను నమ్మవలెను.

గుఱ్ఱము స్వభావముచేత మందలో బ్రదుకు జంతువు. దానికి కొమ్ములు లేవు, పరుగే రక్ష. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును చాలవఱకు చూడగలదు గాని, నుదుటికి సరిగా ఎదుటను, తోక వెనుకను ఉన్నది దానికి కనబడదు. కావున చప్పుడు లేక వెనుకకు పోయినవానిని తన్నుట దాని దుష్టత్వము గాదు, భయము. అమ్ముడుపోయి వచ్చిన గుఱ్ఱము తన మందను, లాయమును, తెలిసిన మనుష్యుని ఒక్కమాఱుగా కోల్పోయినది. అట్టిదానికి భయమెక్కువ యగుట సహజమే గదా!

మొదట చేయవలసినది స్వారి కాదు, విచారణ. అమ్మినవానిని రెండు సంగతు లడుగవలెను. ఏమి మేత మేసినది? ఏ మాటలు విన్నది? గుఱ్ఱపు కడుపు చిన్నది. అది వాంతి చేసికొనలేదు. మేత హఠాత్తుగా మార్చినచో శూల పుట్టి ప్రాణమునకే ముప్పు రావచ్చును. పాత గడ్డిని, దాణాను కొనసాగించుచు, వారము పది దినములలో కొంచెము కొంచెముగా క్రొత్తది కలుపవలెను.

మాటల సంగతియు నట్టిదే. ఆడిమాసమున అంతియూరు గురునాథస్వామి ఉత్సవమున జరుగు సంతలో కొన్న గుఱ్ఱము తమిళపు మాటలు విని పెరిగియుండవచ్చును. తెలుగున “ఆగు” మన్న ఆగలేదని దానిని కొట్టుట న్యాయమా? తెలియని భాషలో గద్దించినప్పుడు కలుగు బెదురు మన పిల్లలకు ఒకరు చెప్పనక్కఱలేదు. ముందుగా దానికి తెలిసిన మాటతో పిలిచి, పిమ్మట మన మాట దాని ప్రక్కన చేర్చి నేర్పవలెను. స్వరము మెల్లగాను, ప్రతిదినము ఒకే తీరుగాను ఉండవలెను.

దగ్గఱకు పోవునపుడు పలుకరించుచు, భుజము వైపునుండి పోవలెను. ముఖముమీదికి చేయి చాపరాదు. మూపున, జూలు మొదట మెల్లగా గోకవలెను. గుఱ్ఱములు ఒకదాని నొకటి నిమురుకొను చోటది. అచ్చట గోకినచో గుండె వేగము తగ్గును. చెవులు వెనుకకు అణచిపెట్టినచో ఆగవలెను. పలుపు లాగినపుడు ఒక్క అడుగు వేసినను వెంటనే పట్టు సడలింపవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. పిల్లలు పెద్దలు లేక లాయములోనికి పోరాదు.

కోపము పనికిరాదని క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలోనే గ్రీకు రచయిత జెనోఫను అశ్వవిద్యా గ్రంథమున బోధించెను. 2018లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు గుఱ్ఱములకు మనుష్యుల ఛాయాచిత్రములు చూపిరి. కోపముఖము చూచిన గుఱ్ఱములు, కొన్ని గంటల పిమ్మట ఆ మనుష్యుడే శాంతముగా వచ్చినను, ఆతనిని శంకతో చూచినవి. ఒక చూపే నిలిచినపుడు ఒక కొరడాదెబ్బ ఎంతకాలము నిలుచునో!

బాలుడైన అలెగ్జాండరు బ్యూసెఫలసను గుఱ్ఱమును వశపఱచుకొన్న తీరును ప్లూటార్కు వ్రాసెను. అందఱును బలము చూపి ఓడిరి. ఆ బాలుడో, గుఱ్ఱము తన నీడనే చూచి బెదరుచున్నదని గ్రహించి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పెను. భయమునకు కారణము వెదకుటయే ఆతని విద్య.

నమ్మిక కలిగినదని తెలియు టెట్లు? మనలను చూచి తల వంచి, తానై ఒక అడుగు ముందుకు వేయును. దానికి కొన్ని వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. ఆలోపల నీరు పెట్టినది, పేడ ఎత్తినది, మాలీసు చేసినది ఎవరో వారినే అది ముందు నమ్మును. ఆ పని చిన్నదని పిల్లలు సిగ్గుపడవలదు. విరాటుని కొలువున దామగ్రంథి యను పేర గుఱ్ఱముల నరసినవాడు పాండవుడైన నకులుడే. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: బెదరిన గుఱ్ఱము ఎముకలు విఱుచును, విఱిచినదని మరల అమ్ముడుపోవును, మఱింత బెదరును. ఆ దుఃఖము మన వాకిటనే ఆగుగాక.