టి 2 అంటే మన పాపకు ఎన్ని గంటలు?

ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట జియోక్యాచింగ్. దాని యాప్‌లో ప్రతి డబ్బా వివరాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది డి, అంటే డిఫికల్టీ. డబ్బాను కనిపెట్టడం ఎంత కష్టమో అది చెబుతుంది. రెండోది టి, అంటే టెర్రైన్. అక్కడిదాకా చేరడం ఎంత కష్టమో అది చెబుతుంది. రెండూ 1 నుంచి 5 దాకా అర చొప్పున పెరుగుతాయి కాబట్టి ఒక్కోదానికి 9 మెట్లు, రెండూ కలిపి 81 జతలు. ఆ 81 గడులనూ నింపాలని ఏళ్ల తరబడి తిరిగే ఆటగాళ్లున్నారు. శనివారం పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరే ఇంటివాళ్లకు మాత్రం వీటిలో పనికొచ్చేవి ఏడెనిమిది గడులే. అవి ఏవో తెలియాలంటే ఆ అంకెలు ఎవరి కాళ్లను బట్టి వేసినవో తెలియాలి.

అసలు ఈ ఆట పుట్టిందే ఒక అంకె మారడం వల్ల. 2000 మే మొదలయ్యేదాకా పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే తప్పు కలిపేది. రిసీవర్ చూపే చోటుకూ అసలు చోటుకూ 100 మీటర్ల దాకా తేడా రావచ్చు. 100 మీటర్ల వ్యాసార్ధంతో గీత గీస్తే అందులో పడే నేల 7 ఎకరాల 76 సెంట్లు, తెలంగాణ లెక్కలో ఏడెకరాల ముప్పై గుంటలు. అంత అడవిలో ఒక బకెట్‌ను ఎవరు వెతుకుతారు? మే 2న ఆ తప్పును తీసేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టారు. మూడు రోజుల్లోపే దాన్ని కనిపెట్టేశారు.

ఇప్పటి ఫోన్ ఆకాశం బాగా కనిపించే చోట సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. 5 మీటర్ల వ్యాసార్ధమంటే 79 చదరపు మీటర్లు, మన ప్లాట్ల లెక్కలో 94 గజాలు. దట్టమైన చెట్ల కింద ఆ తేడా 10 మీటర్లయితే వెతకాల్సిన నేల నాలుగింతలై 376 గజాలకు పెరుగుతుంది. పైగా దాచినవాళ్ల ఫోన్‌లోనూ ఇంతే తేడా ఉండి ఉంటుంది. ఫోన్ బాణం ‘వచ్చేశారు’ అన్నాకనే అసలు వెతుకులాట మొదలవుతుందని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి.

ఆ వెతుకులాటను కొలిచేదే డి. డి 1 అంటే కొద్ది నిమిషాల్లో దొరుకుతుంది. డి 2 అంటే అరగంటలోపు. డి 3కి మధ్యాహ్నంలో చాలా భాగం పట్టవచ్చు. 4, 5లకు ముందస్తు తయారీ, ప్రత్యేక పరిజ్ఞానం కావాలి. ఇవన్నీ పెద్దవాళ్ల నిమిషాలు. ఆరేళ్ల బిడ్డ ఒకే పొద చుట్టూ అరగంట తిరగదు. పది నిమిషాలకే చీమల పుట్ట దగ్గర కూర్చుంటుంది. అందుకే ఏడేళ్లలోపు పిల్లలుంటే డి 1.5 దగ్గర ఆగమంటాను. ఒక్క మినహాయింపు మిస్టరీ రకం. అందులో ముందు ఇంట్లోనే ఒక చిక్కుముడి విప్పితే గాని అసలు చోటు తెలియదు. ముడి విప్పడానికీ డబ్బా వెతకడానికీ కలిపి వేసే అంకె ఒక్కటే కాబట్టి, డి 4 అని ఉన్నదాంట్లో కష్టమంతా ఇంటి దగ్గరే తీరిపోయి, పార్కులో డబ్బా బెంచీ కిందే ఉండవచ్చు. ఇండియా నుంచి వచ్చి వేసవంతా పిల్లల దగ్గరుండే తాతయ్యకు, మనవరాలికి ఇది మంచి జోడీ పని.

ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు డి కంటే ముందు చూడాల్సింది టి. టి 1 అంటే చక్రాల కుర్చీ వెళ్లగలిగే దారి, 0.8 కిలోమీటరు లోపు. టి 1.5 కూడా చదునే, దూరమూ అంతే, కానీ చక్రాల కుర్చీకి హామీ లేదు. టి 2 అంటే 3 కిలోమీటర్ల లోపు, స్పష్టమైన కాలిబాట, పెద్ద ఎక్కుళ్లు ఉండవు. టి 3లో 3 కిలోమీటర్లు దాటుతుంది, ఎగుడుదిగుడులుంటాయి. టి 5కి పడవో తాడో కావాలి. మామూలు ఆటగాడికి 1కీ 1.5కీ తేడా తెలియను కూడా తెలియదు. స్ట్రోలర్‌లో చంటిబిడ్డ, పక్కన మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఉన్న ఇంటికి మాత్రం ఈ కొలబద్దలో అన్నిటికంటే పెద్ద మెట్టు ఆ అరే. పది మీటర్ల కంకర, నాలుగు మెట్లు, ఒక చెట్టు వేరు చాలు స్ట్రోలర్ ఆగిపోవడానికి.

ఈ అంకెలు వేసేది డబ్బా దాచినవాళ్లే. ప్రచురించే ముందు స్వచ్ఛంద సమీక్షకులు నిబంధనలు సరిచూస్తారు గాని, ప్రతి దారినీ నడిచి చూడరు. చలికాలంలో నేల గట్టిగా ఉన్నప్పుడు వేసిన టి 2 వానాకాలపు బురదలోనూ టి 2గానే కనిపిస్తుంది.

ఇంటివాళ్లకు నిజంగా కావాల్సిన మూడో అంకె సమయం. అది యాప్‌లో దొరకదు, మనమే లెక్క కట్టుకోవాలి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. మెట్రిక్‌లో చెప్పాలంటే గంటకు 5 కిలోమీటర్లు, దానిపైన ప్రతి 10 మీటర్ల ఎక్కుడుకు ఒక నిమిషం. టి 2 డబ్బా ఒకటి 1.2 కిలోమీటర్ల దూరంలో, 60 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. రానూపోనూ 2.4 కిలోమీటర్లకు 29 నిమిషాలు, ఎక్కుడుకు 6, మొత్తం 35 నిమిషాలు. ఆగకుండా నడిచే పెద్దమనిషి లెక్క ఇది.

ఐదేళ్ల బిడ్డకు నేను వేసే లెక్క గంటకు 2 కిలోమీటర్లు, ప్రతి 10 మీటర్ల ఎక్కుడుకు 2 నిమిషాలు. అదే దారికి నడక 72, ఎక్కుడు 12 కలిపి 84 నిమిషాలు. వెతకడానికి అరగంట, నీళ్లకూ బిస్కెట్లకూ ఇంకో 20 నిమిషాలు. మొత్తం 134 నిమిషాలు, అంటే రెండుంబావు గంటలు. టి 2 అనే అంకె మారలేదు, సమయం మాత్రం దాదాపు నాలుగింతలైంది. ఫోన్ బాణం చూపేది పక్షి ఎగిరే దూరమనీ మరిచిపోవద్దు. 700 మీటర్లని చూపించినా, మధ్యలో వాగుంటే కాలిబాట 1.2 కిలోమీటర్లు కావచ్చు.

వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు తరచూ వెళ్లే షెనాండోవా నేషనల్ పార్క్ వాళ్లు ఇంకో సూత్రం వాడతారు. ఎక్కే ఎత్తును అడుగుల్లో తీసుకుని, 2తోనూ మైళ్లలో దూరంతోనూ హెచ్చించి వర్గమూలం తీస్తారు. 50 లోపైతే తేలిక, 200 దాటితే చాలా కఠినం. మన ఉదాహరణకు 24 వస్తుంది. 9 మైళ్లకు పైగా నడక, 2,300 అడుగులకు పైగా ఎక్కుడు ఉన్న ఓల్డ్ ర్యాగ్‌కు 200 దాటుతుంది. పిల్లలకు ముందే చెప్పాల్సిందొకటుంది. అమెరికా నేషనల్ పార్కుల్లో సాధారణంగా డబ్బాలు దాచనివ్వరు. అక్కడ దొరికేవి ఎక్కువగా ఎర్త్‌క్యాష్‌లు. రాళ్లనూ కొండలనూ గమనించి ప్రశ్నలకు జవాబు పంపాలి, చేతికి డబ్బా రాదు.

డబ్బా పరిమాణాన్ని పెద్దవాళ్లు పట్టించుకోరు, పిల్లలకు ఆటంతా అదే. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు. అందులో సంతకం చేసే కాగితం చుట్ట తప్ప ఏమీ పట్టదు. బొమ్మ తీసుకుని బొమ్మ పెట్టాలంటే కనీసం స్మాల్, అంటే లీటరు దాకా ఉండేదైనా కావాలి. రెగ్యులర్ అయితే 1 నుంచి 20 లీటర్లు. గంటన్నర నడిచి వచ్చిన బిడ్డ చేతిలో గోలీ అంత గొట్టం పెడితే మళ్లీ రానంటుంది. నా లెక్కన పిల్లలతో టి 2కి వెళ్లాలంటే డబ్బా రెగ్యులరే అయ్యుండాలి.

చివరగా పాత లాగ్‌లు, అంటే ముందు వెళ్లినవాళ్లు రాసిన మాటలు, చదవండి. ఈమధ్య వెళ్లినవాళ్లలో వరసగా ఇద్దరు దొరకలేదని రాసి ఉంటే డబ్బా పోయి ఉండవచ్చు, ఇంకోటి చూసుకోండి. లాగ్‌లు బాగుంటే డబ్బా వివరాల్లో ఉండే సూచనను కూడా ముందే విప్పించండి. వెబ్‌సైట్‌లో దాన్ని ఇంగ్లిష్ అక్షరాలను 13 స్థానాలు జరిపి రాస్తారు. 26లో సగం కాబట్టి దాచడానికీ విప్పడానికీ పట్టిక ఒక్కటే. చదవడం వచ్చిన పిల్లకు ఆ పట్టిక రాసిస్తే కారు పార్కింగ్‌కు చేరేలోపు విప్పేస్తుంది.