కారం కొనేవాళ్ళు నమ్మకానికి డబ్బిస్తారు

ఎండాకాలం వచ్చిందంటే పట్నంలో చాలా ఇళ్ళలో ఏం చేస్తారో మీకు తెలిసిందే. అంగట్లో కారం పొట్లాలు దొరుకుతున్నా ఎండు మిరపకాయలు కొని, మళ్ళీ ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లు దగ్గర నిలబడి ఆడించుకుంటారు. పొట్లంలో ఇటుకపొడి కలిపారో, రంగు కలిపారో అని వాళ్ళ అనుమానం. ఆ అనుమానం తీర్చే రైతు దొరికితే కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. బూట్ పాలిష్‌లో, మైనంలో వాడే సుడాన్ రంగు మన దేశపు కారంలో బయటపడింది. దాంతో 2003లో ఐరోపా దేశాలు పరీక్ష చేయించిన కారాన్నే రానిస్తామన్నాయి. 2005లో అలాంటి కారం కలిసిన సాస్ వల్ల బ్రిటన్‌లో 400కు పైగా సరుకులను అంగళ్ళ నుంచి వెనక్కి తీయించారు. రంగు కలిపింది ఎవరో గానీ చెడ్డపేరు మన మిరపకు వచ్చింది.

మరి మీరేం చెయ్యాలి?

* కాయలను నేల మీద కాకుండా పట్టాల మీద గలగలలాడేలా ఎండబెట్టండి. తూకం కోసం నీళ్ళు చల్లకండి. తేమ ఉంటే బూజు పట్టి విషం తయారవుతుంది.
* తాలుకాయలు విడిగా ఏరి విడిగానే అమ్మండి. మంచికాయలో తాలు కలపడం కూడా కల్తీయే.
* కొనేవాళ్ళ ఎదుటే కాయ ఆడించి ఇవ్వండి. గ్లాసు నీళ్ళపై కాస్త కారం చల్లి చూపించండి. నీళ్ళలో కరిగే రంగు కలిపి ఉంటే చారలుగా కిందికి దిగుతుంది. అడుగున చేరినది వేళ్ళతో నలిపితే గరగరలాడితే ఇటుకపొడో, ఇసుకో ఉన్నట్టు.
* పొట్లాలు కట్టి అమ్మదలిస్తే ఆహార భద్రతా అధికారుల దగ్గర ముందుగా నమోదు చేయించుకోండి.

అయితే పంటంతా ఒక్కసారే కారం ఆడించకండి. తొడిమ, తాలు తీసి ఆడించాక తూకం తగ్గుతుంది. ముందు పది కిలోల కాయ ఆడించి ఎంత కారం వచ్చిందో తూచండి. కాయ ధరకు మిల్లు కూలి, ఏరుడు కూలి, సంచి ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. యార్డులో వచ్చే ధర కన్నా నాలుగు డబ్బులు మిగిలితేనే వచ్చే ఏడు మరికొంత పెంచండి.