తల్లి యింటి త్రోవలోని చెట్లు

ఆంగ్లదేశమున యార్కుషైరు అను సీమ కలదు. దాని తూర్పుభాగమున చిన్నచిన్న మెట్టలు, గోధుమచేలు, వాని నడుమ సన్నని బాటలు తప్ప యాత్రికులు ఆగి చూచు వింత యేమియు లేదు. ఆ సీమలోనే బ్రాడ్‌ఫర్డు పట్టణమున 1937లో జన్మించిన డేవిడ్ హాక్నీ యౌవనమునందే అమెరికాకు పోయి, కాలిఫోర్నియా యెండను, ఈతకొలనులను చిత్రించి ప్రఖ్యాతి గడించెను. అట్టివాడు అరువదియేండ్ల వయసున పుట్టినసీమ చెట్లకడకు మరలుటకు కారణము చిత్రకళ కాదు, ఇద్దరు మనుష్యులు.

ఒకరు తల్లి లారా. భక్తురాలు, ఆ దేశమున అరుదుగా శాకాహారిణి. సముద్రతీరమందలి బ్రిడ్లింగ్టనులో కుమార్తెతో నివసించుచుండెను. రెండవవాడు జొనాతన్ సిల్వరు అను మిత్రుడు. మూతపడిన నేతమిల్లు నొకదానిని కొని చిత్రశాలగా మార్చిన ఉత్సాహి. 1997లో ఇతడు మరణవ్యాధితో మంచముపట్టి, మన యార్కుషైరును చిత్రింపుమని హాక్నీని కోరెను. హాక్నీ తల్లి యింటినుండి మిత్రుని చూడబోవుచు కారులో ఆ మెట్టలను పలుమార్లు దాటెను. రోగిని చూడబోవునపుడు దారి యెప్పుడు తరుగునా యని మనము తహతహపడుదుము గాని చెట్లను చూతుమా? అతడు చూచెను. చూచినదానిని మనసున నింపుకొని వచ్చి చిత్రించెను. మిత్రుడు ఆ యేటనే కన్నుమూసెను. తల్లి తొంబదియెనిమిదేండ్లు బ్రతికి 1999లో పరమపదించెను.

వారు పోయినను ఆ త్రోవ అతనిని విడువలేదు. 2004లో నీటిరంగులతో మొదలిడి, పిమ్మట తైలవర్ణములను పొలములలోనికే కొనిపోయి, చలిలో నిలుచుండి చిత్రించెను. 2007లో వార్టరు గ్రామసమీపమందలి చెట్లను 50 కాన్వాసులపై భాగములుగా వ్రాసి కూర్చిన చిత్రము 40 అడుగుల వెడల్పు, 15 అడుగుల యెత్తు గలది. అంత చిత్రమును దూరముగా నిలిచి చూచుటకు గదిలో చోటు చాలకుండుటచే, భాగభాగమునకు ఛాయాచిత్రము తీయించి, కంప్యూటరులో జతపరచి చూచుకొనుచు పని సాగించెను. మరుసటి యేడు దానిని లండనులోని టేటు చిత్రశాలకు దానముగా నిచ్చెను.

ఋతువర్ణనము లేనిదే మన ప్రబంధము సాగదు గదా! అయినను కిటికీ తలుపైన తెరువక వసంతమును వర్ణించిన కవులును కలరని నా యనుమానము. హాక్నీ పద్ధతి వేరు. 2011లో వోల్డుగేటు అను బాటప్రక్కన శీతకాలమునుండి కాచుకొని, వసంతము వచ్చు విధమును ఐప్యాడు అను పలకపై గీచెను. హాథారను అను ముళ్లపొద అచట ఏడాదికి కొద్దిదినములే తెల్లగా విరగబూయును. ఆ దినములలో తెల్లవారకముందే లేచి పరుగెత్తవలసినదే. ఆ చిత్రములు 51, వానికి తోడు 32 కాన్వాసుల పెద్దచిత్రము 2012లో రాయల్ అకాడెమీలో ప్రదర్శింపబడెను.

ఆ త్రోవలో ఒక మోడు ఉండెడిది. దానికి టోటెం అని పేరిడి పలుమార్లు చిత్రించెను. 2012 నవంబరులో ఎవరో దుండగులు దానిపై రంగు చిమ్మి, రంపముతో కోసి పడవైచిరి. ఆ యేడే అతనికి స్వల్పముగా పక్షవాతము తగిలియుండెను. మిక్కిలి క్రుంగియు, రంగులను ప్రక్కనబెట్టి బొగ్గుపుల్ల చేతబట్టి ఆ కూలినమోడునే గీచెను. తరువాత 2013 వసంతమును అదే బొగ్గుతో వ్రాసెను: ఐదు చోటులు, ఒక్కొక్కచోట ఐదేసి పర్యాయములు. పచ్చదనమును నలుపుతో చూపుట యెట్లని సందేహింపవలదు; చిగురు వేయకముందు కొమ్మల నడుమ కనబడు వెలితి, వేసినపిమ్మట కమ్ముకొను నీడ, ఈ రెంటి భేదముననే వసంతము తెలియును.

2019లో అతడు ఫ్రాన్సుదేశపు నార్మండీకి తరలెను. అచటికి సమీపమున బాయో పట్టణమందు, తొమ్మిదివందల యేండ్లకు పైబడిన కుట్టుపని గలదు. నారబట్టపై ఉన్నిదారములతో యుద్ధకథ నంతయు కుట్టిన 70 మీటర్ల పట్టీ అది. దానిని చూచియే హాక్నీ తన తోటలో నాలుగు ఋతువులు గడచుటను 90 మీటర్ల పొడవున ఒక్క పట్టీగా కూర్చెను. చూపరి దాని వెంబడి నడచిపోవుచుండగా మంచుకొమ్మలు పూచి, కాచి, మరల మంచు పట్టును.