కుక్క పుండులో పురుగుమందు పోయకండి

ఉద్దానంలో కొబ్బరి తోటకూ, జీడి తోటకూ కంచె ఎంతో కుక్కా అంతే. రాత్రిపూట ఎలుగుబంటి వస్తే ముందు అరిచేది అదే. జీతం బత్తెం లేని కాపలాదారు. బారువ మొదలు మందస, వజ్రపుకొత్తూరు వరకు ఏ పల్లె చూసినా ఈ కాపలాదారుకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. ముళ్ళకంచె గీరుకుంటుంది, ఇంకో కుక్క కరుస్తుంది, ఎలుగు గోరు దిగుతుంది. ఆ పైన మనం చేసే మొరటు వైద్యం దాని ప్రాణం మీదికి తెస్తుంది.

"వాసిపోయింది, ఎర్రబడిపోయింది, ఏటి సేస్తాం?" అంటూ కిరసనాయిలో, ఫినాయిలో, తోటకు కొట్టగా మిగిలిన పురుగుమందో పుండులో పోస్తారు. లేకుంటే ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ అన్నంలో కలిపి పెడతారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే అసలు ఆ వాపు ఏమిటో తెలియాలి.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు గుర్తులను రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో సెల్సస్ రాసి పెట్టాడు. వాటి వెనక జరిగే పనిని కనిపెట్టినవారిలో మెచ్నికాఫ్ ముఖ్యుడు. 1882లో ఇటలీ సముద్రపు ఒడ్డున మెస్సీనాలో ఆయన ఒక నక్షత్ర చేప పిల్లకు చిన్న ముల్లు గుచ్చాడు. తెల్లవారి చూస్తే ఒంట్లోని కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఈ పరిశోధనకే 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కుక్క ఒంట్లోనూ జరిగేది ఇదే. దెబ్బ తగిలిన కొద్ది గంటల్లో తెల్ల కణాలు అక్కడికి చేరతాయి. క్రిములను చంపి తామూ చస్తాయి. చీములో ఎక్కువ భాగం ఆ చచ్చిన కణాలే. రెండు మూడు రోజులకు మరో రకం పెద్ద కణాలు వచ్చి చెత్త ఎత్తివేస్తాయి, కొత్త కండ కట్టే కణాలను పిలుస్తాయి. పుండు శుభ్రంగా ఉంటే నాలుగైదు రోజులకు అడుగున ఎర్రని కొత్త కండ కనబడుతుంది. తర్వాత అంచులు దగ్గరకు లాక్కుంటాయి. కాబట్టి మొదటి రెండు మూడు రోజుల వాపు జబ్బు కాదు, మరమ్మతు పని. పనివాళ్లను తరిమేస్తే గోడ లేస్తుందా?

కిరసనాయిలు, ఫినాయిలు ఈ పనివాళ్లను, కొత్త కండను కూడా కాల్చేస్తాయి. పుండు మళ్లీ మొదటికొస్తుంది. పురుగుమందు పుండు గుండా రక్తంలో కలుస్తుంది. కుక్క నాకితే కడుపులోకీ పోతుంది. పోసినవాడి చేతికీ అంటుతుంది.

మనుషులు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు కుక్కకు కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. కిడ్నీ జబ్బు అంటే ఏమిటో ఉద్దానానికి ఒకరు చెప్పనక్కరలేదు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి గుంపులు గుంపులుగా చచ్చాయి. అందుకే 2006లో దాన్ని పశువులకు వాడకుండా నిషేధించారు.

తగ్గవలసిన వాపు పెరుగుతూ ఉంటే, వాసన వేస్తే, కుక్క తిండి మానేస్తే లోపల ముల్లో, మట్టో, కుళ్ళిన కండో మిగిలిందని గ్రహించాలి. కుక్క కాటు మరీ మోసం: పైకి చిన్న చిల్లే, లోపల కండ చినిగి ఉంటుంది. ఈగలు గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. బతికున్న కండనే తినే రకం పురుగులూ ఉన్నాయి. ఇలాంటివన్నీ ఆలస్యం లేకుండా పశువుల డాక్టరు చూడవలసినవే.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు కలిపి పుండును ధారగా కడగండి. చుట్టూ బొచ్చు కత్తిరించండి. నాకకుండా మెడకు గట్టి అట్ట కట్టండి. ఈగలు వాలని చోట ఉంచండి.

కుక్క మనిషిని కరిస్తే పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోవాలి. మన కుక్కను వేరే కుక్క కరిచినా డాక్టరుకు చెప్పి దానికి టీకా వేయించాలి.

కూలి మానుకుని, ఆటో కిరాయి పెట్టుకుని పోయినవాడికి పశువుల ఆసుపత్రిలో డాక్టరూ, మందూ దొరకాలి. దొరకనిచోట ఫినాయిలు సీసానే డాక్టరవుతుంది. ఆవు, గేదెతో పాటు కాపలా కుక్కకూ అక్కడ మందు, రేబిస్ టీకా ఉంచాలని ప్రతి గ్రామసభలోనూ అడగాలి. తోట కాసే ప్రాణం కోసం అడగడం చిన్నతనం కాదు.